యాకోబు దిగిన కళ్ళం

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు వచ్చే దారిలో, పెద్దరోడ్డు దిగి కాస్త లోపలికి పోతే ఒక పల్లె. పేరెందుకు లెండి. ఊరికి పడమట పేట, పేట వెనక వంక, వంక అవతలి గట్టున బొందలగడ్డ. కొన్నేళ్ళ కిందట అక్కడ ఒక పెద్దావిడ మట్టికి పోయినాను. మా వైపు చావుకు పోవడాన్ని మట్టికి పోవడమనే అంటారు. పెట్టె ఆరుగురి భుజాల మీద ఉంది. దాని మూతను వేరేగా ఒక కుర్రవాడు నెత్తిన పెట్టుకున్నాడు. ముందు తెల్లంగీలో అయ్యగారు, చేతిలో ప్రార్థనల పుస్తకం. వెనక ఆడవాళ్ళు, కంజీర, పాట.

వంక ఇంకా ఫర్లాంగు దూరం ఉందనగా ఒక వేపచెట్టు, దాని పక్కన గడ్డి కూడా మొలవని చదును జాగా. మోసేవాళ్ళు అక్కడ ఆగారు. ఎవరూ ఆగమనలేదు. అయ్యగారు పది అడుగులు ముందుకు పోయి, వెనక అలికిడి లేకపోయేసరికి తిరిగి చూశారు. పెట్టె అప్పటికే నేల మీద ఉంది. పెద్దకొడుకు మోకాళ్ళ మీద కూచుని, తల్లి చెవి దగ్గర నోరు పెట్టాడు. పాట జోరులో మాట వినబడలేదు గానీ పెదవులు మూడుసార్లు కదిలినాయి. అయ్యగారు వంక వైపు తిరిగి, అక్కడ చూడదగిందేదో ఉన్నట్టు చూస్తూ నిలబడ్డారు. కొడుకు లేచాడు. తల వైపు మోసినవాళ్ళు కాళ్ళ వైపుకు, కాళ్ళ వైపువాళ్ళు తల వైపుకు మారారు. పెట్టె మళ్ళీ లేచింది.

పక్కన నడుస్తున్న ముసలాయన్ని అడిగాను. వరసకు నాకు చిన్నాయన. "ఏం చిన్నాయనా, దింపుడు కళ్ళం మన వాళ్ళకు గూడా ఉందా?" అని.

"బైబిల్లో ఉందిలేరా" అన్నాడు.

ఎగతాళికి అన్నాడనుకున్నా. ఇంటికొచ్చి ఆదికాండం తీసి, చివరి అధ్యాయం చదివాను. ఉంది.

దింపుడు కళ్ళం గురించి తెలుగువాళ్ళకు చెప్పేదేముంది? పాడె ఇంటి నుంచి శ్మశానానికి పోయే దారిలో ఒకచోట దింపుతారు. రక్తసంబంధీకులెవరైనా శవం చెవిలో మూడుసార్లు పేరు పెట్టో వరస పెట్టో పిలుస్తారు. పలికితే ఇంటికి, పలక్కపోతే కాటికి. పలికినవాళ్ళున్నారని ప్రతి ఊళ్ళో ఒక కథ ఉంటుంది. చూసినవాడు మాత్రం ఎప్పుడూ పక్కూరివాడే. నాడి పట్టే వైద్యుడు ఊరికొకడు లేని రోజుల్లో అది ఆఖరి పరీక్ష. ఇప్పుడు ఎన్నికల ఫలితాల రోజున పత్రికలవాళ్ళు 'దింపుడు కళ్ళం ఆశ' అని రాస్తుంటే, చదివేవాళ్ళలో సగం మందికి అది గుర్రపు కళ్ళెం. గుర్రానికీ చావుకూ ఏం సంబంధమని ఎవరూ అడగరు. కళ్ళం అంటే ధాన్యం నూర్చే చోటు. ఊరి చివర, పేడతో అలికి గట్టి చేసిన నేల. ఇళ్ళు అయిపోయాక, పొలాలు మొదలయ్యే ముందు, పదిమంది నిలబడగల చదును జాగా ఊరికి అదొక్కటే. పాడె దించడానికి అంతకంటే వీలైన చోటు ఇంకేముంటుంది? మాట అట్లా పుట్టిందని నా ఊహ. కళ్ళాలు పోయి నూర్పిడి యంత్రాలొచ్చినా, పేరు శవం దించే చోటును పట్టుకుని మిగిలింది.

ఇక ఆదికాండంలో కథ. కరువుకు కనాను విడిచి ఐగుప్తుకు పోయిన యాకోబు అక్కడ 17 ఏళ్ళు బతికి, 147వ ఏట పోయాడు. పోయే ముందు కొడుకు యోసేపును దగ్గరికి పిలిచి, తన తొడ కింద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు: నన్ను ఇక్కడ పూడ్చొద్దు, మా తాతా నాయనా ఉన్నచోటికి తీసుకుపో, అని. యోసేపు ఐగుప్తులో మామూలు మనిషి కాదు, ఫరో తర్వాత అంతటివాడు. వైద్యులు శవానికి సుగంధ ద్రవ్యాలు పట్టించడానికి 40 రోజులు పట్టింది. ఐగుప్తీయులు 70 రోజులు ఏడ్చారు. అప్పుడు యోసేపు తండ్రిని తీసుకుపోవడానికి సెలవడిగాడు. అదైనా నేరుగా ఫరోను అడగలేదు, కొలువులోని వాళ్ళ ద్వారా కబురంపాడు. చావు ఇంట ఉన్నవాడు రాజు ఎదుట పడగూడదనో, ఇంకేమిటో. అనుమతి వచ్చింది. పిల్లల్నీ పశువుల్నీ గోషెనులో వదిలి, ఇంటిల్లిపాదీ, ఫరో కొలువు పెద్దలూ, రథాలూ రౌతులూ కదిలారు. బైబిల్లో ఇంత పెద్ద శవయాత్ర ఇంకొకటి లేదు.

ఆ యాత్ర ఐగుప్తు నుంచి బయల్దేరి సమాధి దాకా పోలేదు. మధ్యలో ఆగింది. యొర్దాను అవతల, ఆటదు కళ్ళం దగ్గర. అక్కడ 7 రోజులు ఏడ్చారు.

కళ్ళమే. మూలంలో ఉన్న హెబ్రీ మాట గోరెన్, ధాన్యం నూర్చే నేల. తెలుగు చేసినవాళ్ళు ఇంకో మాట వెతుక్కునే పని లేకపోయింది. పాత నిబంధనతో కలిపి మొత్తం బైబిలు తెలుగులో అచ్చయింది 1854లో, మద్రాసులో. ఆ పుస్తకం పల్లెకు చేరి, ఎవరో పంతులు దీపం ముందు కూచుని ఆదికాండం చివరి అధ్యాయం చదివి వినిపించినప్పుడు, శవం దారిలో కళ్ళం దగ్గర ఆగిందని వినగానే పేటలో ముసలివాళ్ళు ఏమనుకుని ఉంటారో వేరే చెప్పాలా? ఇది మనదే అనుకుని ఉంటారు. చిన్నాయనకు ఆ మాట వాళ్ళ నాయన చెప్పాడట, ఆయనకు వాళ్ళ నాయన.

పండితులు ఒప్పుకోరు. యూదుల కళ్ళం వేరు, మన దింపుడు కళ్ళం వేరు. ఒకదాని నుంచి ఒకటి పుట్టలేదు. నిజమే. కానీ ఆ కళ్ళాన్ని వదలకుండా తవ్వినవాళ్ళు యూదు పండితులే. ఆటదు అంటే ముళ్ళకంప. ముళ్ళకంపకు కళ్ళమేమిటని వాళ్ళ ధర్మగ్రంథం తల్మూదులో ఒక ప్రశ్న వేసుకున్నారు. కంపను ఎవరూ నూర్చరు కదా? ఒకాయన జవాబిచ్చాడు: కళ్ళం చుట్టూ కంప నాటినట్టు, యాకోబు పెట్టె చుట్టూ రాజులు తమ కిరీటాలు తగిలించారు, అందుకని ఆ పేరు. కిరీటాల సంగతి ఎట్లున్నా, కళ్ళానికి కంప నాటేదెందుకో సీమలో పుట్టినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. గొర్రెలు పడకుండా.

అక్కడ ఇంకో మాటల ఆట కూడా ఉంది. ఈ ఏడుపంతా చూసిన కనానీయులు, ఇది ఐగుప్తీయులకు ఎంత పెద్ద దుఃఖమో అనుకుని, ఆ చోటుకు ఆబేల్ మిస్రాయిము అని పేరు పెట్టారట. మిస్రాయిము అంటే ఐగుప్తు. హెబ్రీలో ఆబేల్ అంటే పచ్చికబయలు. అవే అక్షరాలను కాస్త మార్చి పలికితే దుఃఖం. ఐగుప్తు పచ్చిక ఐగుప్తు ఏడుపయింది. మన స్థలపురాణాల్లో ఊరి పేరుకు కథ కట్టినట్టే ఇదీ. నాకు అంతకంటే ముఖ్యంగా తోచింది, ఆ పేరు పెట్టినవాళ్ళు దారినపోయేవాళ్ళు కావడం. ఏడ్చేవాళ్ళు ఏడ్చి పోయారు. చూసినవాళ్ళు చోటుకు పేరు పెట్టుకున్నారు. వేపచెట్టు దగ్గరి ఆ జాగాకు ఊళ్ళో పేరేమిటని తర్వాత అడిగాను. దింపుడు జాగానే.

దారి సంగతి కూడా చిత్రమే. ఐగుప్తు నుంచి సమాధి ఉన్న హెబ్రోనుకు పోవాలంటే దక్షిణాన్నుంచి నేరుగా రావచ్చు. యొర్దాను అవతలికి పోవడం చుట్టుదారి. ఎందుకు పోయారో పుస్తకం చెప్పదు, వ్యాఖ్యాతలు ఇప్పటికీ తలలు పట్టుకుంటారు. నంద్యాలలో ఆసుపత్రి నుంచి శవాన్ని సొంతూరికి తీసుకుపోతూ, అత్తగారి ఊరి మీదుగా ఒకసారి తిప్పి, అక్కడి ముసలివాళ్ళకు కడచూపు చూపించి పోయే వ్యానులను చూసినవాడికి అది అంత వింతగా తోచదు.

ఆగడమన్నది యూదుల్లో ఇప్పటికీ ఉంది. పెట్టెను సమాధికి మోసుకుపోతూ చాలాచోట్ల ఏడుసార్లు నిలుస్తారు, తొంభై ఒకటో కీర్తన చదువుతూ. చనిపోయినవాణ్ణి వదలడానికి కాళ్ళు రావడం లేదని చెప్పడమే అందులో సంగతి. చెవిలో పిలిచే ఆచారం వాళ్ళకు లేదు. కానీ దింపుడు కళ్ళం ఆశ ఉంది! మరణానికీ దుఃఖానికీ సంబంధించిన నియమాలు కూర్చిన పాత గ్రంథం ఒకటుంది, సెమహోత్ అని. పూడ్చిన తర్వాత కూడా కొన్ని రోజుల దాకా సమాధుల దగ్గరికి పోయి, లోపల మనిషిలో ప్రాణముందేమో చూడొచ్చు, అది మూఢాచారం కింద రాదు అని అందులో చెప్పారు. అట్లా చూడబోతే ఒకడు బతికి ఉన్నాడనీ, తర్వాత 25 ఏళ్ళు బతికాడనీ కూడా రాశారు. వాళ్ళకూ చూసినవాడు పక్కూరివాడే అయి ఉంటాడు.

నంద్యాల అయ్యగారి చేతిలోని పుస్తకం ఇంగ్లండు సంఘానిది. ఆ సంఘానికి చెందిన ఎస్పీజీ మిషనరీలు కడప వైపు నుంచి వచ్చి 1850ల మధ్యలో ఆళ్లగడ్డ దగ్గరి ముత్యాలపాడులో కాపురం పెట్టినప్పటి నుంచి ఈ ప్రాంతంలో చావుకు చదివేది అదే క్రమం. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు తక్కిన ఆంగ్లికన్లు అందులో చేరినా, నంద్యాలవాళ్ళలో చాలామంది చేరకుండా ఏళ్ళ తరబడి బయటే ఉండిపోయారు. తమ క్రమం, తమ పుస్తకం అని పట్టుబట్టినవాళ్ళు. ఆ భూస్థాపన క్రమంలో సగం హెబ్రీ లేఖనాలే. శవానికి ఎదురుపోతూ యోబు మాటలు, గుడిలో ముప్ఫై తొమ్మిదో కీర్తన గానీ మోషే పేరున ఉన్న తొంభయ్యో కీర్తన గానీ, గుంట దగ్గర మళ్ళీ యోబు. మన్ను మన్నులో కలిసిందని చెబుతూ పిడికెడు మట్టి వేసే ఘట్టానికి మూలం ఆదాముకు దేవుడిచ్చిన శాపం. ఆదాము పేరులోనే మట్టి ఉంది, హెబ్రీలో నేలను అదామా అంటారు. మట్టికి పోయినాను అనే మా వైపు మాటను హెబ్రీవాళ్ళకు విడమరిచి చెప్పాల్సిన పనుండదు.

దింపుడు కళ్ళం మాత్రం ఆ పుస్తకంలో లేదు. అయితే ఆ క్రమంలో మొట్టమొదట చదివే వాక్యం లాజరు కథలోది. నాలుగు రోజుల కిందట పూడ్చినవాణ్ణి సమాధి ముందు నిలబడి పేరు పెట్టి పిలిస్తే లేచి వచ్చిన కథ. అయ్యగారు వంక వైపు తిరిగి నిలబడ్డారన్నానే, ఆయనకు ఆ సంగతి తెలియక కాదు.

సరే, యాత్ర ఆగిన చోటు అది. పోవాల్సిన చోటు మక్పేలా గుహ. దాని పుట్టుపూర్వోత్తరాలు ఇంకా వెనక్కి పోతాయి. యాకోబు తాత అబ్రాహాముకు దేవుడు కనాను దేశమంతా ఇస్తానన్నాడు. మాట ఇచ్చి ఏళ్ళు గడిచాయి, సెంటు భూమి రాలేదు. 127వ ఏట భార్య శారా పోయింది. పూడ్చడానికి చోటు లేదు. అబ్రాహాము శవం దగ్గర నుంచి లేచి, ఆ ఊరి హిత్తీయుల దగ్గరికి పోయి, నేను పరాయివాణ్ణి, మీ మధ్య బతుకుతున్నవాణ్ణి, సమాధికి కొంత జాగా అమ్మండి అని అడిగాడు. తర్వాత నడిచిన బేరం చదివితే మన రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద జరిగినట్టే ఉంటుంది. ఎఫ్రోను అనే ఆసామి, అయ్యో డబ్బెందుకు, ఊరికే తీసుకో అంటాడు, పదిమంది వింటుండగా. అబ్రాహాము వంగి దండం పెట్టి, కాదు, వెల చెప్పు అంటాడు. ఎఫ్రోను, మనలో మనకు లెక్కేమిటి అన్నట్టే అంటూ నాలుగు వందల తులాల వెండి అని చల్లగా జారవిడుస్తాడు. అబ్రాహాము మారుమాట లేకుండా తూచి ఇచ్చేస్తాడు. ఊరికే ఇచ్చింది రేపు ఊరికే పోతుందని ఆయనకు తెలుసు. ఆ తర్వాత వచ్చే వాక్యం అచ్చం దస్తావేజు: పొలం, అందులో గుహ, పొలం హద్దుల్లో ఉన్న చెట్లు, ఊరి గవిని దగ్గర సాక్షులు. వాగ్దాన దేశంలో ఆ ఇంటికి మొట్టమొదట దఖలైన నేల ఒక గోరీ.

ఈ అధ్యాయాన్ని నేను మాటిమాటికీ చదువుతుంటాను. మా వైపు పేటల్లో తాతముత్తాతల నాడు ఒక్క గుంట సాగుభూమి లేని ఇళ్ళే ఎక్కువ. బతికినన్నాళ్ళూ ఒకరి పొలంలో, చచ్చాక వంక పోరంబోకులో. ఆ వంక పక్కన ఎవడన్నా కంచె జరిపితే పేట మొత్తం లేచి వస్తుంది. ఎందుకంటే అక్కడ ఉన్నది వాళ్ళ అవ్వాతాతలు, వాళ్ళకున్న ఒకే ఒక్క హద్దురాయి. శ్మశానం జాగా తగువులను తహసీల్దారు ఆఫీసులో ఒక ఫైలుగా చూసేవాళ్ళకు ఆ కోపం అర్థం కాదు. ఆదికాండం ఇరవై మూడో అధ్యాయం చదివితే అర్థమవుతుంది.

మక్పేలాలో శారా పక్కన అబ్రాహామును, తర్వాత ఇస్సాకును, రిబ్కాను, లేయాను, చివరికి యాకోబును పెట్టారు. మూడు జంటలు. హెబ్రోనులో ఆ గుహ మీద హేరోదు కట్టించిన గోడలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. యూదులూ ముస్లిములూ లోపల చెరో భాగంలో ప్రార్థన చేస్తారు, మధ్యలో తుపాకులు. యాకోబు మనసుపడి పధ్నాలుగేళ్ళ కొలువుకు పెళ్ళాడిన రాహేలు మాత్రం అక్కడ లేదు. ఆమె దారిలో పోయింది. ఎఫ్రాతాకు ఇంకా కొంత దూరముందనగా నొప్పులొచ్చాయి. ప్రాణం పోతూ బిడ్డకు బెనోని, నా దుఃఖపు కొడుకు, అని పేరు పెట్టింది. తండ్రి దాన్ని బెన్యామీను అని మార్చాడు. దారి పక్కనే పూడ్చి, యాకోబు ఆ గోరీ మీద ఒక రాయి నిలబెట్టాడు. హెబ్రీలో దాన్ని మచ్చేబా అంటారు. ఇవాళ్టికీ యూదుల శ్మశానంలో గోరీ మీది రాయికి అదే పేరు. రాయి నిలబెట్టే ఆచారానికి వాళ్ళు చూపించే మొదటి సాక్ష్యం రోడ్డు పక్కన కాన్పులో పోయిన ఆ మనిషే.

రాయి విషయంలో మా జిల్లా ఎవరికీ తీసిపోదు. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన శిల్పుల కొట్టాల ముందు సగం చెక్కిన దేవతలు దుమ్ము కప్పుకుని వరసగా నిలబడి ఉంటారు, ఉలి చప్పుడు లారీల మోతలో కలిసిపోతుంటుంది. బేతంచర్ల, బనగానపల్లె వైపు నేలలోంచి పొరలు పొరలుగా నాపరాళ్ళు వస్తాయి. వాటితోనే ఇంటికి నేల, పశువులకు గాడి, పొలానికి కంచె, చచ్చాక గోరీకి కప్పు. స్తోమత ఉన్నవాళ్ళు పాలిష్ పట్టించి, పేరు, తారీఖులు, ఒక వాక్యం చెక్కిస్తారు. లేనివాళ్ళు నాపరాయి ముక్కనే తలాపున పాతుతారు. నవంబరు 2న సమాధుల పండుగకు వాటికి సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తారు. పేర్లు లేని రాళ్ళకు కూడా ఎవరో ఒకరు వెలిగిస్తారు. ఏ రాయి ఎవరిదో పిల్లలకు చెప్పేది ఆ ఒక్క సాయంత్రమే.

ఏడ్చే పద్ధతుల గురించి హెబ్రీ పుస్తకాల్లో ఉన్నదంతా చెప్పబోతే తెల్లారుతుంది. బట్ట చింపుకోవడం, గోనెపట్ట కట్టుకోవడం, తల మీద బూడిద, నేల మీద కూర్చోవడం. అహరోనుకు, మోషేకు ముప్ఫయ్యేసి రోజులు. యోబు స్నేహితులు వచ్చి ఏడు పగళ్ళూ ఏడు రాత్రులూ నోరు తెరవకుండా నేల మీద కూచున్నారు. ఆ తర్వాత నోరు తెరిచారు, అక్కడే చెడింది. యూదుల్లో ఇప్పుడున్న ఏడు రోజుల శివాకు మూలంగా ఆటదు కళ్ళం దగ్గరి ఏడు రోజులను చూపిస్తారు, హెబ్రీలో ఆ మాటకు అర్థమే ఏడు. శివుడితో పని లేదు. గుంటూరు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో తమను ఎఫ్రాయిము గోత్రంవాళ్ళుగా చెప్పుకునే తెలుగు యూదులున్నారు. బాప్టిస్టు సంఘం నుంచి వచ్చిన కుటుంబాలవి. హెబ్రీ నేర్చుకోక ముందు వాళ్ళు కూడా ఈ కథలన్నీ మన తెలుగు బైబిల్లోనే చదువుకున్నారు.

వద్దన్నవీ ఉన్నాయి. చచ్చినవాళ్ళ కోసం ఒళ్ళు కోసుకోవద్దు, నుదుటి మీద వెంట్రుకలు గొరిగించుకోవద్దు, పంటలో దేవుడి భాగం నుంచి చచ్చినవాళ్ళకు పెట్టొద్దు. తల గొరిగించుకోవడం, పిండం పెట్టడం మానేసిన తొలినాటి పేట జనానికి ఈ వాక్యాలు ఎంత ఆసరా అయ్యాయో, పక్కింటివాళ్ళ మాటలు పడడానికి అంత కారణమూ అయి ఉంటాయి. కానీ చావు ఇంట పొయ్యి రాజేయకపోవడం మాత్రం ఎవరూ మానలేదు. యిర్మీయా పుస్తకంలో దుఃఖపడేవాళ్ళకు రొట్టె విరిచి ఇవ్వడం, ఓదార్పు గిన్నె తాగించడం అనే మాటలొస్తాయి. మట్టి చేసి వచ్చిన యూదుల ఇంట ఇప్పటికీ మొదటి భోజనం పక్కింటివాళ్ళు తేవాల్సిందే, అందులో కోడిగుడ్డు ఉండాల్సిందే. పేటలో వియ్యంకులు తెచ్చే అన్నం గంప అట్లాంటిదే, గుడ్డు లేదు గానీ.

అదే యిర్మీయాలో, ఏడవడం నేర్చిన ఆడవాళ్ళను పిలిపించమని ఒక మాట ఉంది. ఏడుపును ఒక విద్య కింద లెక్కగట్టిన మాట అది. రాగం తీసి ఏడిచే మనిషి మా పల్లెల్లో చావు ఇంటికి వచ్చిందంటే, అప్పటిదాకా బిగబట్టుకున్న ఇల్లంతా ఒక్కసారి కరుగుతుంది. చచ్చినామె వంట, నడక, ఎవరితో పోట్లాడింది, ఎవరికి చీర పెట్టింది, అన్నీ ఆ రాగంలోకి వస్తాయి. ఆశలేనివాళ్ళలా ఏడవగూడదని పాస్టర్లు అంటుంటారు. ఆడవాళ్ళు తల ఊపి మళ్ళీ ఎత్తుకుంటారు. యిర్మీయా వాళ్ళ పక్షానే ఉన్నాడు.

అన్నిటికంటే నన్ను వదలని మనిషి రిస్పా. సౌలు రాజు ఉంపుడుగత్తె. సౌలు పోయాక, పాత పగ తీర్చుకోవడానికి గిబియోనీయులు అతని వంశంలో ఏడుగురిని అడిగితే దావీదు అప్పగించాడు. అందులో రిస్పా కొడుకులు ఇద్దరు. కొండ మీద ఉరి తీసి, దింపకుండా వదిలేశారు. యవల కోతలు మొదలైన రోజులవి. రిస్పా గోనెపట్ట తెచ్చి బండ మీద పరుచుకుని కూచుంది. పగలు పక్షులను, రాత్రి అడవి మృగాలను శవాల మీద వాలనివ్వలేదు. వాన పడే దాకా. కోతల నుంచి వాన అంటే ఆ దేశంలో నెలల లెక్క. కథ మొత్తంలో ఆమె ఒక్క మాట మాట్లాడదు. చివరికి సంగతి రాజు చెవిన పడింది. దావీదు కదిలి, యాబేష్గిలాదులో పూడ్చిపెట్టి ఉన్న సౌలు ఎముకలను, యోనాతాను ఎముకలను తెప్పించి, ఈ ఏడుగురి ఎముకలనూ పోగుచేయించాడు. తండ్రీకొడుకులను సౌలు నాయన కీషు గోరీలో పెట్టించాడు. రాజు పూనుకుని చేయాల్సిన శవయాత్రను ఒక ఆడమనిషి బండ మీద కూచుని చేయించింది. పగల చేతిలో కొడుకులను పోగొట్టుకున్న తల్లులను సీమలో చూసినవాళ్ళకు రిస్పా పరాయిది కాదు. ఆమె పేరున మన వైపు పాట ఎందుకు లేదో నాకు ఆశ్చర్యం.

ఇక యోసేపు. తండ్రిని అంత వైభవంగా తీసుకుపోయినవాడికి ఆ యాత్ర దక్కలేదు. 110వ ఏట ఐగుప్తులో పోతూ, దేవుడు మిమ్మల్ని ఇక్కడి నుంచి తీసుకుపోయేటప్పుడు నా ఎముకలు వెంట తీసుకుపోండని అన్నదమ్ములతో ప్రమాణం చేయించుకున్నాడు. ద్రవ్యాలు పట్టించి పెట్టెలో పెట్టారు. ఆదికాండం ఆ పెట్టె దగ్గరే ముగుస్తుంది. తర్వాత తరాలు మారాయి, బానిసత్వం వచ్చింది. రాత్రికి రాత్రి ఐగుప్తు వదిలి పరుగెత్తే గడబిడలో మోషే మరిచిపోకుండా ఆ ఎముకలను వెంట తీసుకున్నాడు. నలభై ఏళ్ళు ఎడారిలో మోశారు. హెబ్రీలో ఆ శవపు పెట్టెకూ, పది ఆజ్ఞల పలకలున్న మందసానికీ ఒకటే మాట, అరోన్. రెండు పెట్టెలు పక్కపక్కన పోతుంటే దారినపోయేవాళ్ళు ఇవేమిటని అడిగేవారట. ఒకటి చచ్చినవాడిది, ఒకటి దేవుడిది అని జవాబట. చివరికి షెకెములో, యాకోబు ఎప్పుడో కొనిపెట్టిన పొలంలో పూడ్చారు. ఆ పొలం వెల హెబ్రీలో నూరు కెసీతాలు. కెసీతా అంటే ఎంతో ఎవరికీ తేలలేదు. తెలుగు చేసినవాళ్ళు వరహాలు అని రాసి తేల్చేశారు.

పెట్టెల కాలం మళ్ళీ వచ్చింది. గల్ఫ్‌కు పోయినవాళ్ళు అక్కడ పోతే శవాన్ని విమానమెక్కించడానికి ద్రవ్యాలు పట్టించాలి, పట్టించినట్టు కాగితం కావాలి. మరణ ధ్రువపత్రం కావాలి, పని ఇచ్చిన యజమాని సంతకం కావాలి, మన రాయబార కార్యాలయం అనుమతి కావాలి. యోసేపు కొలువులోని వాళ్ళ ద్వారా కబురంపినట్టు, ఇక్కడి నుంచి ఎవరెవరికో ఫోన్లు. యాకోబుకు నలభై రోజులు పట్టింది. ఒక్కోసారి మనవాళ్ళకూ వారాలు పడుతుంది. పెట్టె విమానం దిగి, అంబులెన్సులో రాత్రంతా ప్రయాణం చేసి, తెల్లవారుజామున ఊళ్ళోకి వస్తుంది.

రెండేళ్ళ కిందట ఆ వేపచెట్టు దగ్గర మళ్ళీ నిలబడ్డాను. ఈసారి కువైట్ పెట్టె. ముప్ఫై నాలుగేళ్ళ కుర్రవాడు, ఆ పెద్దావిడ మనవడే. చెక్కపెట్టె మీద నాలుగు వైపులా మేకులు, అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ అంటించిన కాగితాలు. తెరవొద్దని అంబులెన్సు డ్రైవరు ముందే చెప్పాడు. మోసేవాళ్ళు ఎప్పటిలాగే జాగా దగ్గర ఆగి దించారు. అయ్యగారు మారారు, ఈ కొత్తాయన వంక వైపు చూడలేదు, తనే పాట ఎత్తుకున్నాడు. పిల్లాడి తండ్రి కూలబడి ఉన్నాడు, లేచే స్థితిలో లేడు. మా ముసలి చిన్నాయనే కర్ర పక్కన పెట్టి, పెట్టె పక్కన మెల్లగా వంగాడు. ఒక చివర చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి తీసి, రెండో చివరకు పోయాడు. కాగితాలను తడిమి చూశాడు. తర్వాత తల ఎత్తి డ్రైవరును అడిగాడు.

"నాయనా, తల ఎటు పక్కుంది?"